వేదవతికి ఎదురు పరుగు: హొన్నూరు ఇసుక నుంచి అనంతపురం దాకా

దర్గాహొన్నూరు ఇసుక దిబ్బలను చూడనివాళ్లు అనంతపురం టౌన్లోనే చాలామంది ఉన్నారు. ఫోటో చూపిస్తే "రాజస్థానా?" అంటారు. కాదు, మన బొమ్మనహాళ్ మండలమే అంటే నమ్మరు. జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పశ్చిమ కనుమల అవతలే కురిసేస్తాయి, ఈశాన్య మేఘాలు తీరం నుంచి మా దాకా వచ్చేసరికి చిక్కిపోతాయి. దేశంలో తక్కువ వాన పడే చోట్లలో జైసల్మేర్ తర్వాత మనదేనని బడిలో చెప్పుకుంటూ పెరిగాం. అయితే ఇసుక దిబ్బలు ఒక్క వానలేమి వల్ల పుట్టినవి కావు. వేదవతి నది, మా వైపు హగరి అంటాం, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా కొట్టే గాలి ఆ ఎండిన ఏటి ఇసుకను లేపి పక్క పొలాల మీద పోస్తుంది. ఒక్కో గింజ ఎగిరి పడి, పడినచోట మరో గింజను లేపుతుంది. ఒక గాలికాలానికి గట్టు మునుగుతుంది. కొన్నేళ్లకు బోరు స్టార్టర్ పెట్టె దాకా వస్తుంది.

అక్కడ కొందరు రైతులు తమ పొలాల అంచున పోయిన వానాకాలంలో మొక్కలు నాటించారు. కానుగ, సరుగుడు, తుమ్మ, చుట్టూ కిత్తనార. నాటడానికి డబ్బులు తేలిగ్గానే వచ్చాయి. మొక్క పట్టుకుని ఫోటో దిగొచ్చు కదా. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు నీళ్లకు ఇమ్మంటేనే ఎవరికీ చేతులు రాలేదు. బెంగళూరు కంపెనీ ఒకటి నీళ్ల డబ్బులు ఇవ్వలేమంది, కావాలంటే ఇంకో వెయ్యి మొక్కలు ఇస్తానంది. ఉన్నవాటికే నీళ్లు లేకపోతే వెయ్యి మొక్కలు తెచ్చి ఎక్కడ ఎండబెట్టాలి?

ఆ నీళ్ల డబ్బులు చందాలుగా పోగు చేయడానికి పరుగు పెట్టాలన్న ఆలోచన మా బడి లెక్కల సార్‌ది. నేను అదే బడిలో పీఈటీని. సార్‌కి మారథాన్ డె సాబ్ల గురించి చదవడం పిచ్చి. పాట్రిక్ బాయెర్ అనే ఫ్రాన్సు మనిషి 1984లో సహారాలో ఒంటరిగా సుమారు 350 కిలోమీటర్లు నడిచాడు. ఆ అనుభవంతోనే 1986లో మొరాకోలో ఈ పందెం పెట్టాడు. ఇప్పుడది దాదాపు 250 కిలోమీటర్లు, రోజుకో మజిలీ. తిండి, పక్క అన్నీ వీపున మోసుకోవాలి. నిర్వాహకులు ఇచ్చేది నీళ్లు, తలదాచుకోను ఒక గుడారం. ఏదో ఒక మంచి పనికి చందాలు పోగు చేస్తూ పరిగెత్తేవాళ్లు అందులో ఏటా చాలామంది ఉంటారట. మా జట్టులో ఆర్టీసీ కండక్టరన్న ఒకరున్నారు. అంతా విని, "మొరాకోకి పోయే చార్జీలతో హొన్నూరు మొక్కలకు రెండు ఎండాకాలాలు నీళ్లు పోయొచ్చు సార్" అన్నాడు. అక్కడికి ఆ మాట తెగిపోయింది. మన ఎడారిలోనే పరుగు.

చందా ఇచ్చేవాళ్ల దగ్గర కిలోమీటరుకు ఇంత అని ముందే మాట తీసుకున్నాం. కొందరు రూపాయి రాశారు, కొందరు యాభై. ఎవరైనా మధ్యలో ఆగిపోతే ఆ మేరకు తగ్గుతుంది. ఈ షరతు లెక్కల సార్ పట్టుబట్టి పెట్టించాడు.

మంగళవారం రాత్రి, దర్గాహొన్నూరు

బడి వరండాలో పడక. బ్యాగులు తూకం వేసుకున్నాం. మొరాకో పందెంలో రోజుకు కనీసం 2000 కేలరీల తిండి బ్యాగులో ఉండాలని నియమం. వాళ్లు ఎండబెట్టిన పొట్లాల తిండి కొంటారు. మాకు చెనిక్కాయ ఉంది, అదే వేరుశనగ. వంద గ్రాముల గింజల్లో 560 కేలరీల పైమాటే. దానికి బెల్లం కలిపి ఉంటలు చేస్తే ఏ విదేశీ పొట్లం పనికొస్తుంది? నేను ఉంటలు, రాగి మాల్ట్ పొడి, వేయించిన బొరుగులు తెచ్చుకున్నాను. బొరుగులు బరువుండవు గానీ బ్యాగంతా అవే ఆక్రమించాయి.

అందరికీ విజిల్ తప్పనిసరి అన్నాడు సార్. 1994లో మౌరో ప్రాస్పెరి అనే ఇటలీ పరుగువీరుడు ఇసుక తుఫానులో దారి తప్పి, పది రోజులకు దగ్గరగా ఎడారిలో తిరిగి చివరికి అల్జీరియాలో తేలాడట. "ఈడ యాడ తప్పిపోతాం సార్, ఎటు చూసినా సెల్ టవరే" అన్నాడు మా డిప్లొమా పిల్లోడు, ఒకప్పటి నా స్టూడెంటు. అయినా విజిల్ మెడలో వేసుకున్నాడు.

ఐదో మనిషి నర్సక్క. ఆమె బ్యాగు నిండా ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ప్లాస్టర్లు, వాజలిన్. మా ఆయన బొలెరోలో నీళ్ల డ్రమ్ము వేసుకుని వెనకాల వస్తాడు. మార్చి మొదట్లోనే అయినా మధ్యాహ్నానికి 37 డిగ్రీలు దాటుతోంది.

బుధవారం, హొన్నూరు నుంచి కణేకల్లు

ఐదింటికి బయలుదేరాం. తెల్లవారుజామున ఇసుక పైపొర కాస్త గట్టిగా ఉంటుంది. అడుగు చిన్నగా, పాదమంతా ఒకేసారి ఆనేలా వేస్తే ఆ పొర పగలదు. మునివేళ్లతో తోశామా, ఇసుక వెనక్కి జారి వేసిన అడుగులో సగం పోతుంది. ముందు పోయినవాళ్ల అడుగుల్లోనే అడుగు వేయడం మేలు. గాలి వచ్చే వైపు దిబ్బ మెల్లగా ఎత్తవుతుంది. అవతలి వైపు ముప్పై డిగ్రీలు దాటిన వాలు. ఇసుక అంతకంటే నిలవదు, జారిపోతుంది. ఎక్కడానికి పావుగంట పట్టినచోట దిగడానికి పది అంగలు చాలు. పిల్లోడు కేకలు పెడుతూ దూకాడు. సార్ కూర్చుని జారాడు, యాభై ఏళ్ల మనిషి. నేనూ జారాను, రాసుకోవడానికి సిగ్గేం లేదు.

మొక్కలున్న పొలం దారిలోనే. రైతన్న మాకోసం కాచుకుని ఉన్నాడు. కానుగలు మోకాలెత్తు ఉన్నాయి. సరుగుడు కొన్ని ఎండాయి. గాలి వచ్చే వైపు కంప, జొన్న సొప్ప వరసలుగా పాతి గళ్లు గళ్లుగా అడ్డు పెట్టాడు. జోధ్‌పూర్‌లో 1959లో పెట్టిన కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ వాళ్లు రాజస్థాన్ దిబ్బల మీద చేసే పద్ధతి ఇదే. ముందు గాలి వేగాన్ని నేల దగ్గర విరచాలి, ఇసుక కదలడం ఆగాక మొక్క పెట్టాలి. అడ్డు లేకుండా పెడితే మొక్క మునిగిపోతుంది, లేదా వేళ్ల కింది ఇసుక ఎగిరిపోయి వేలాడుతుంది. ఈ పని ఎవరు నేర్పారంటే, "నేర్పేదేముందమ్మా, మా నాయన కల్లానికి కంప కట్టేటోడు, నేను చెట్టుకు కట్టినా" అన్నాడు.

ఒక్కో మొక్కకు వారానికి రెండు బిందెలు పోస్తే చాలట, మూడు ఎండాకాలాలు గడిస్తే వేరు దానికదే దారి చూసుకుంటుందట. మూడు ఎండాకాలాలు అన్న మాట విని సార్ జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

ఎనిమిదింటికి ఇసుక వదిలి కాలువ గట్టు ఎక్కాం. ఇక్కడే మా జిల్లా తమాషా అంతా ఉంది. గట్టుకు ఒక వైపు దిబ్బలు, ఇంకో వైపు తుంగభద్ర ఎగువ కాలువ కింద పచ్చటి వరి. చేలు దాటాక మిరప కల్లాలు, ఎకరాలకెకరాలు ఎర్రగా. గాలి అటు నుంచి మళ్లేసరికి ఐదుగురమూ దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లు నలుపుకుంటూ పరిగెత్తాం. సహారాలో ఈ కష్టం ఉండదు.

కాయలు ఏరుతున్న ఒక అవ్వ మమ్మల్ని ఆపింది. "యాడికప్పా పరిగెత్తుకుంటా పోతాండారు, బస్సు తప్పిందా?" సంగతి చెబితే నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో చెప్పే వచ్చినావా తల్లీ?" అంది. వెనక బొలెరోలో వచ్చేది మా ఇంటాయనే అంటే నోరు నొక్కుకుని నవ్వింది. చెంబుతో మజ్జిగ ఇచ్చింది. మోసుకొచ్చిన తిండి తప్ప ఏదీ ముట్టకూడదని సార్ పెట్టిన నియమం అక్కడే పోయింది. పొలంలో పెద్దావిడ చేత్తో ఇచ్చిన మజ్జిగను కాదనడం మా వైపు జరిగే పని కాదు.

పదకొండు దాటాక కణేకల్లు చేరాం. బూట్లు విప్పి దులిపితే గుప్పెడేసి ఇసుక.

గురువారం, కణేకల్లు నుంచి రాయదుర్గం

ముప్పై కిలోమీటర్ల తారు రోడ్డు. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. లారీలు, ఎండ, చింతచెట్లు కనిపించినప్పుడల్లా ఆగడం. కానుగలు పాత ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తున్నాయి. చెప్పాల్సింది రాయదుర్గం గురించి.

ఇసుక బూట్లలోకి పోకుండా ఎడారి పరుగువాళ్లు బూటు మీద నుంచి పిక్క దాకా గుడ్డ తొడుగు వేసుకుంటారు. బూటు అంచు చుట్టూ వెల్క్రో కుట్టించి దానికి అతికిస్తారు. మేం కొనలేదు, నా డిజైను ప్రకారం ఇంట్లోనే జీన్సు గుడ్డతో కుట్టుకున్నాం. బుధవారం ఆ తొడుగులు చెమటకు తడిసి ఒక్కోటి రాయంత బరువైంది, మడమ దగ్గర ఒరుసుకుపోయింది.

రాయదుర్గమంటేనే జీన్సు ప్యాంట్ల ఊరు. కోట ఉన్న కొండ కింద ఏ సందులోకి పోయినా కుట్టు మిషన్ల చప్పుడే. కండక్టరన్నకు తెలిసిన కార్ఖానా ఒకటుంది. అక్కడి టైలరన్న మా తొడుగులు చేత్తో పట్టుకుని తూచి, "జీన్సు ప్యాంటుకమ్మా, పాదానికి కాదు" అన్నాడు. ప్యాంటు జేబు లోపల వేసే పల్చటి గుడ్డ ఉంటుంది కదా, ఆ గుడ్డ తీశాడు. నేత దట్టం, బరువు తక్కువ, ఇసుక దూరదు, గాలి దూరుతుంది. పిక్క దగ్గర ఎలాస్టిక్, కింద బూటుకు వెల్క్రో పట్టీ, మడమ దగ్గర మాత్రం చిరగకుండా చిన్న జీన్సు ముక్క. ఐదు జతలు గంటన్నరలో కుట్టేశాడు. పక్క మిషన్ల మీద ఉన్న అక్కలు పని ఆపి చుట్టూ మూగి, ఎన్ని కిలోమీటర్లు, ఎందుకు అని అడిగారు. ఒకామె చెల్లెలిని హొన్నూరు వైపే ఇచ్చారట. "గాలికాలంలో అన్నంలో కూడా ఇసకే వస్తాదంట" అంది.

డబ్బులు తీసుకోనన్నాడు టైలరన్న. తీసుకోవాల్సిందేనని సార్ పట్టుబట్టాడు. చివరికి కుట్టుకూలి తీసుకుని, అంతకంత చందా పుస్తకంలో రాశాడు. అటు తీసుకుని ఇటు ఇచ్చాడన్నమాట. సార్ రెండు లెక్కలూ విడివిడిగా రాసుకున్నాడు.

రాత్రి సంగటి, ఊరుబిండి. ఇక తిండి నియమాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం, రాయదుర్గం నుంచి కల్యాణదుర్గం, భైరవానితిప్ప మీదుగా

మొరాకోలో ఒక రోజు మిగతావాటికి రెట్టింపు ఉంటుంది, 80 కిలోమీటర్లకు అటూ ఇటూ. మా పెద్ద రోజు ఇది. యాభై దాటుతుంది. నేరుగా పోతే నలభయ్యే, కానీ నదిని ఎండబెట్టిన చోటు చూడకుండా పోవడం ఏమిటని గుమ్మఘట్ట మీదుగా తిరిగాం. మూడున్నరకు టార్చిలైట్లతో బయలుదేరాం.

భైరవానితిప్ప కట్ట ఎక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది. 1961లో కట్టిన ప్రాజెక్టు, మా వైపు బీటీపీ అంటారు. నీళ్లు అడుగున ఉన్నాయి. పైన కర్ణాటకలో హిరియూరు దగ్గర వాణీ విలాస సాగరం ఉంది, 1907 నాటిది. దాని పైన, కింద ఎన్నో చెరువులు, అడ్డుకట్టలు. అన్నీ నిండి మిగిలితేనే మన దాకా. ఆ సాగరం 1933లో పొర్లింది, మళ్లీ పొర్లింది 2022లో. ఆ ఏడాది బీటీపీ గేట్లెత్తితే చూడ్డానికి జనం విరగబడ్డారని, బస్సు కట్ట దాకా పోనివ్వమని ప్యాసింజర్లు డ్రైవరుతో కొట్లాడారని కండక్టరన్న చెప్పాడు. ఏరు పారితే ఇసుక తడిసి నేలను పట్టుకుని ఉంటుంది. పారని ఏరే గాలికి దొరుకుతుంది. ఇప్పుడు జీడిపల్లి రిజర్వాయరు నుంచి కృష్ణా నీళ్లు ఇక్కడికి తేవాలని కాలువ తలపెట్టారు. కట్ట మీద కూర్చున్న ముసలాయన ఆ మాటెత్తితే, "వస్తే మంచిదే" అని బీడీ వెలిగించుకున్నాడు.

బ్రహ్మసముద్రం దాటాక పిల్లోడు వెనకబడ్డాడు. మామూలుగా మా అందరికంటే ముందుండేవాడు. తల నొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అనుకుని నేను నీళ్ల బాటిల్ అందించబోతే నర్సక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాడి చేతులు చూపించింది. వేళ్లు ఉబ్బి ఉన్నాయి, వాచీ బెల్టు మణికట్టులోకి దిగింది. పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగావురా అంటే లెక్క లేదన్నాడు. ఓఆర్ఎస్ రుచి నచ్చక ఉత్త నీళ్లే తాగాడట, బొలెరో దగ్గరికి వచ్చినప్పుడల్లా బాటిల్ నింపుకుని.

చెమటతో ఉప్పు పోతుంది. పోయిన ఉప్పు వేయకుండా నీళ్లు మాత్రమే పోస్తే రక్తంలో సోడియం పల్చబడుతుంది. దాహంతో పడిపోయేవాడికీ, నీళ్లు ఎక్కువై పడిపోయేవాడికీ పైకి కనిపించే లక్షణాలు చాలావరకు ఒకటే, తలనొప్పి, వాంతి, తూలడం. అందుకే ఇది ప్రమాదం, మంచి చేస్తున్నామనుకుని ఇంకో లీటరు తాగిస్తాం. తేడా చెప్పేవి ఉబ్బిన వేళ్లు, మాటిమాటికీ ఒంటేలుకు పోవడం, తాగిన నీళ్ల లెక్క. నర్సక్క నీళ్లు పూర్తిగా ఆపింది. ఉప్పు బాగా తగిలించిన బొరుగులు కొంచెం కొంచెం తినిపించి, బొలెరోలో కిటికీలు తెరిచి కూర్చోబెట్టింది. మాట తడబడినా, మత్తుగా ఉన్నా క్షణం ఆగకుండా ఆసుపత్రికే అని మా ఆయనతో గట్టిగా చెప్పింది. ఇంట్లో కలుపుకునే కొలత కూడా ఆ రోజే మాతో బట్టీ పట్టించింది: లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, కొండంత పోయకుండా చదునుగా.

గంటలో పిల్లోడు తేరుకున్నాడు. తేరుకోగానే పరిగెత్తుతానన్నాడు. "మేడం, నా కిలోమీటర్లు పోతాయి మేడం, ట్యాంకర్లు తగ్గుతాయి" అని ఏడుపు. ఆ మిగిలిన కిలోమీటర్లు వాడి బదులు తను ఇంకోసారి పరిగెత్తుతానన్నాడు కండక్టరన్న. సార్ ఒప్పుకోలేదు. ఎవరి కిలోమీటరు వాళ్లదే, చందా ఇచ్చినవాళ్లకు అదే చెప్పాం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ఎండలో రోడ్డు పక్కన నిలబడి సార్‌తో వాదించాను. ఇప్పుడు ఆలోచిస్తే కూడా సార్ పట్టు నాకు అంత నచ్చలేదు, కానీ ఆయన పుస్తకం చూపిస్తే చందా ఇచ్చినవాళ్లెవరూ మారు మాట్లాడకపోవడానికి కారణమూ అదే.

కల్యాణదుర్గం లైట్లు కనిపించేసరికి రాత్రి ఎనిమిది. నా కుడి కాలి బొటనవేలి గోరు నల్లబడింది. ఒక సైజు పెద్ద బూట్లు కొనుక్కోమని సార్ మొదట్నుంచీ చెప్తున్నాడు, పాదాలు ఎండకు ఉబ్బుతాయని. కొన్నాను కాబట్టి గోరు ఒక్కదానితో పోయింది.

శనివారం, ఆత్మకూరు దాకా

లేచి నిలబడటానికే చాలాసేపు పట్టింది. పొద్దున ఉగ్గాణి, బజ్జి తిన్నాక ప్రాణం లేచొచ్చింది. పరుగు కంటే నడకే ఎక్కువ. దారిలో పెన్న దాటాం, అదీ ఎండే ఉంది. బెంగళూరు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, తమ బ్యానరు పట్టుకుని పరిగెత్తితే కొంత ఇస్తామని. నీళ్లకా, మొక్కలకా అని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు.

ఆదివారం, అనంతపురం

చివరి పాతిక కిలోమీటర్లు. నర్సక్క అనుమతితో పిల్లోడు మళ్లీ దిగాడు, సగం నీళ్లు, సగం ఓఆర్ఎస్, ముఖం చిట్లించుకుంటూ తాగాడు. ఊరి పొలిమేర నుంచి మా బడి పిల్లలు, పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లు, డిపో నుంచి కండక్టరన్న స్నేహితులు కలిశారు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి నన్ను దాటేసి పోయి, వెనక్కి తిరిగి "మేడం, రండి" అని అరిచింది. క్లాసులో నేను అరిచేదే అచ్చంగా. టవర్ క్లాక్ దగ్గర ఆగాం. ఎవరో పూలదండలు తెచ్చారు. సార్ దండలు వద్దు, హుండీలో వేయండి అన్నాడు.

మధ్యాహ్నం మా ఇంట్లో అన్నాలయ్యాక లెక్క చూశారు. పిల్లోడి పోయిన కిలోమీటర్లు పోగా, టైలరన్న కుట్టుకూలితో సహా, ఏప్రిల్, మే నెలల ట్యాంకర్లకు సరిపోయింది. రైతన్నకు ఫోన్ చేసి చెప్పాం, అడ్వాన్సు పంపాం. కంపెనీ నుంచి మళ్లీ ఫోన్ రాలేదు. జూన్‌కు మాత్రం సగం నెలకే డబ్బులున్నాయి. వాన తొందరగా పడితే సరే, లేకపోతే డిపోలో ఇంకోసారి డబ్బా తిప్పుతానని కండక్టరన్న అన్నాడు, సార్ వెంటనే పుస్తకం తీసి ఆ మాట తేదీతో సహా రాసుకున్నాడు.